పన్ను రేటు మారింది, మార్చే పేజీ ఎక్కడ?

వస్తు, సేవల పన్ను రేట్లు 2025 సెప్టెంబరు 22 నుంచి మారాయి. 12, 28 శాతం శ్లాబులలోని సరుకులు అధిక భాగం 5, 18 శాతాల పరిధిలోకి వచ్చాయి. ఇంటర్నెట్‌లో దుకాణం నడిపే చిన్న వర్తకునికి ఇటువంటప్పుడు చట్టం కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. పాత రేటును సవరించే పేజీ ఎక్కడున్నదో తెలియాలి. సవరించకుంటే కొనుగోలుదారుకు తప్పుడు బిల్లు వెళుతుంది.

ఇటువంటి దుకాణాలు అనేకం వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌పై, దానికి దుకాణం హంగులు సమకూర్చే వూకామర్స్ అనే ప్లగిన్‌తో నడుస్తున్నాయి. వర్డ్‌ప్రెస్‌కు 'సెట్టింగ్స్' అనే మెనూ ఉన్నది కనుక పన్ను సంగతీ అందులోనే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కాని అది వూకామర్స్ సొంత మెనూలోని సెట్టింగ్స్‌లో, 'టాక్స్' విభాగంలో ఉంటుంది. అదైనా, పక్కనున్న 'జనరల్' విభాగంలో పన్ను లెక్కింపునకు అనుమతిస్తూ టిక్కు పెట్టిన తరువాతనే కనిపిస్తుంది. పన్ను వసూలు చేయని వారికి ఆ విభాగంతో పని లేదు కనుక ఈ ఏర్పాటును తప్పు పట్టలేము. అయితే వెదికేవానికి ఆ సంగతి చెప్పేదెవరు?

ప్లగిన్‌ల సెట్టింగులను ఒక పద్ధతిలో నమోదు చేసే ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లో 2008 డిసెంబరు నాటి 2.7 వెర్షన్‌తో వచ్చింది. ఒకటి రెండు ఎంపికలే ఉన్న ప్లగిన్ ఉన్న పేజీలలోనే సర్దుకోవడం మేలని నిర్మాతలకు సూచన కూడా ఉన్నది. ఆచరణలో మాత్రం చాలా ప్లగిన్‌లు తెర ఎడమ పక్కన సొంత మెనూనే కోరుకుంటాయి. పది ప్లగిన్‌లు చేరేసరికి ఆ జాబితా తెర దాటిపోతుంది.