పాకల నీళ్లలో లావా

సింగరాయకొండ నుంచి పాకల తీరానికి వెళ్లి నడుములోతు నీళ్లలో నిలబడితే మన పాదాలు మనకే కనబడవు. కిందటి కార్తీకంలో ఇంట్లోని స్టీలు పళ్లెం ఒకటి తీసుకెళ్లి, అల వెనక్కి తగ్గిన అదనులో మెల్లగా ముంచి చూశాను. మోచేయి మునిగేసరికే పళ్లెం మసకబారింది, ఇంకాస్త వంగేలోపు మాయమైంది. నీటి తేటదనాన్ని సముద్ర శాస్త్రజ్ఞులు కొలిచేది కూడా ఇలాగే. ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కి 1865లో తెల్లని బిళ్లను తాడుతో దించి, అది కంటికి ఆనకుండా పోయే లోతును రాసుకున్నాడు.

అండమాన్ దీవుల్లో తేట రోజున అదే బిళ్ల తాటిచెట్టంత లోతులోనూ కనబడుతుంది. అందుకే అక్కడ కొన్నిచోట్ల వీపున గాలి సిలిండరు కట్టుకుని, ఒడ్డు నుంచే నడిచి దిగి పగడపు దిబ్బలు చూసి వస్తారు. పది మీటర్లు దిగేసరికి ఒంటిమీద ఒత్తిడి రెట్టింపవుతుంది. రంగుల్లో ఎరుపు అన్నిటికంటే ముందు ఆరిపోతుంది.

ఆ అండమాన్‌లోనే, పోర్టుబ్లెయిరుకు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బారెన్ దీవి ఉంది. మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. నూరేళ్లకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. దాని లావా సముద్రంలోకి దిగింది. అలాంటి చోట పగడాలు బతుకుతాయా? ఇండొనేషియాలోని బాందా దీవుల్లో దీనికి జవాబు దొరికింది. 1988లో అక్కడి గునుంగ్ అపి కొండ పేలి, లావా తీరపు దిబ్బలను కప్పేసింది. అయిదేళ్ల తర్వాత శాస్త్రజ్ఞులు మునిగి చూస్తే ఆ నల్లరాతి మీద 124 జాతుల పగడాలు! రాతిలో సగానికి పైగా వాటితోనే నిండిపోయింది. పక్కనే వదులుగా పడివున్న అగ్నిపర్వతపు రాళ్లూరప్పల మీద మాత్రం అంతగా పెరగలేదు.

ఈ తేడాలోనే అసలు సంగతి ఉంది. పగడం చెట్టు కాదు, రాయీ కాదు, గోరంత జీవి. నీళ్లలో కొట్టుకొచ్చే దాని పిల్లకు అతుక్కోవడానికి కదలని నేల కావాలి. దొర్లే రాయి దాన్ని నలిపేస్తుంది. ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు ఎండతో తిండి వండిపెడుతుంది కాబట్టి వెలుతురు కావాలి. ఉప్పు తగ్గకూడదు. పైన ఒండ్రు పేరుకుంటే ఊపిరాడక చస్తుంది.

పాకలలో అడుగున ఇసుక, పైన బురదనీరు. వానాకాలం పోయాక తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి తిరిగి, గోదావరి, కృష్ణా కలిపిన మంచినీళ్లను మనవైపు తోస్తుంది. పాలేరు, మన్నేరు తమ వంతు కలుపుతాయి. పగడం ఇక్కడ నిలవలేదు. అయితే దీన్ని లోటుగా నేను చూడను. పగడాల నీలినీరు తేటగా ఉండేది అందులో పోషకాలు తక్కువ కావడం వల్లే. మన బురదనీటి ఎరువు మీద బతికే రొయ్యలూ కవళ్లూ మన వలల్లో పడుతున్నాయి.

ఆంధ్రకు లావా రాలేదా అంటే, వచ్చింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను నుంచి పారిన లావా రాజమహేంద్రవరం పక్కన కాతేరు దాకా చేరింది. అక్కడి లావా పొరల నడుమ సున్నపురాతిలో ఆలిచిప్పల శిలాజాలు దొరికాయి. అంటే ఆ లావా పారిన కాలంలో సముద్రం అక్కడికి వచ్చిపోయిందన్నమాట. మిగతా దక్కను లావా ఎండకూ వానకూ అరిగి, నల్లమట్టి అయి, కృష్ణా గోదావరుల వెంట కోట్ల ఏళ్లుగా దిగి వస్తూనే ఉంది. బాందాలో పగడాలకు నేల అయిన రాయిలాంటిదే, ఇక్కడ నీటిని మసకబార్చే మట్టి అయింది. పెద్ద ఆనకట్టలు కట్టాక కృష్ణ తెచ్చే ఒండ్రు బాగా తగ్గింది. తీరానికి అది మంచిది కాదని నా భయం.

ఇంటికొచ్చాక పళ్లెం కడగకుండా ఆరబెట్టాను. అంచున దారమంత సన్నని మట్టిగీత మిగిలింది. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగల్లేదు, మెత్తగా జారింది. అందులో ఏ రేణువో మహాబలేశ్వరం దగ్గర, కృష్ణ పుట్టిన చోట, ఒకప్పుడు రాయై ఉంటుంది.