నమూనా యుద్ధనౌకలకు రంగుల నిర్ణయము

కొయ్యతోను, అట్టతోను ఓడల నమూనాలు చేయుట విద్యార్థులకుఁ దగిన వినోదము. దీనివలనఁ జేతికి నేర్పును, కంటికి సూక్ష్మదృష్టియు నలవడును. కాని నమూనా యుద్ధనౌక కేవల మాటబొమ్మ గాదు; అది చరిత్రను గూర్చి పలుకు సాక్షి. కొలతలన్నియు సరిగా నుండియు రంగు తప్పినచో నా సాక్షి యసత్యము పలికినట్లే. కావున రంగు నెట్లు నిర్ణయింపవలెనో యొక యుదాహరణముతో వివరించెదము.

1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మనుల ఎమ్డెన్ అను క్రూయిజరు చెన్నపట్టణముపై గుండ్లు గురిపించి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లను దగ్ధము చేసెను. నాఁడు మన కాశీబుగ్గ, టెక్కలి ప్రాంతములు గంజాము జిల్లాలోనివి. చెన్నపట్టణమే మన రాజధాని. ఆ దాడిని దెలుపు ఫలకము అచ్చటి హైకోర్టు ప్రాకారమున నేఁటికిని గలదు.

ఎమ్డెన్ ఏ రంగు ఓడ? ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటి కాదు, రెండు. శాంతికాలమున చైనా తీరమందలి చింగ్‌టావ్ రేవున నుండఁగా దాని మేను తెలుపు, పొగగొట్టములు పసుపుఁజాయ. అందుచేతనే దానిని తూర్పుదేశపు హంస యనిరి. యుద్ధము రాఁగా నా తెలుపుపై బూడిదవన్నె పూసిరి. కావున "చెన్నపట్టణముపై దాడి, 1914" అని పలకమీఁద వ్రాసి, దానిప్రక్కఁ దెల్లని నమూనాను నిలిపినచో, చెన్నపట్టణమునకు రాని యోడను జూపినవార మగుదుము. అదే సంవత్సరము అక్టోబరు 28న పినాంగు రేవుపైఁ బడునప్పుడు దాని మూఁడు పొగగొట్టములకుఁ దోడుగా నొక బూటకపు గొట్టమును నిలిపి, బ్రిటిషు ఓడవలెఁ గనఁబడఁ జేసిరి. ఒక్క యేఁటిలోనే యిన్ని వేషములు! మొదట తేదీని నిశ్చయించి, పిదప రంగును నిశ్చయింపుఁడు. ఇది మొదటి సూత్రము.

ఈ మార్పు జర్మనులకే పరిమితము గాదు. అమెరికా నౌకాదళము 1907 మొదలు 1909 వఱకుఁ దెల్లని యోడలతో భూప్రదక్షిణము చేసి, తరువాత బూడిదవన్నె దాల్చెను. ఫిరంగుల గుండ్లు మైళ్లకొలఁది పోఁజొచ్చిన పిమ్మట, దూరమునకుఁ గనఁబడుటయే యోడకు నపాయమాయెను.

రెండవది, పాత ఛాయాచిత్రములను జాగ్రత్తతోఁ జూడవలెను. ఆ కాలపు ఫోటో ఫలకములలోఁ బెక్కింటికి ఎఱుపు సోఁకెడిది గాదు. అందువలన నెఱ్ఱని వస్తువు నల్లగను, పసుపు ఉన్నదానికంటె ముదురుగను, నీలము మిక్కిలి తెల్లగను బడును. ఫోటోలో ముదురుగాఁ గనఁబడిన గొట్టము నిజముగా లేఁతపసుపు గావచ్చును. ఆకారమునకు ఫోటో మంచి సాక్షియే. రంగునకు మాత్రము నాటి లిఖితపత్రముల తోడు కావలయును.

మూఁడవది, రంగు పేరు చాలదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసిన విమానములు జపానువారి ర్యూజో యను విమానవాహక నౌకనుండి వచ్చినవి. జపాను నౌకలన్నియు బూడిదవన్నెవే యని చెప్పుట సులభము. కాని కురే, సాసెబో, యొకొసుకా మున్నగు నౌకాశ్రయములలోఁ గలుపుకొన్న బూడిదవన్నెలు ఒక్కతీరుగా నుండెడివి గావు. ఆ ఓడకు రంగు వేసిన దెచ్చటనో తెలిసికొననిదే డబ్బా మూఁత తెఱువరాదు.

నాల్గవది దూరము. మన మహేంద్రగిరిని దగ్గఱకుఁ బోయి చూచినఁ బచ్చని యడవి. కాశీబుగ్గనుండి చూచిన నదియే నీలిబూడిద. నడుమనున్న గాలియే రంగు నట్లు పలుచఁజేయును. 350వ వంతు కొలతలోఁ జేసిన నమూనాను రెండడుగుల దూరమునుండి చూచుట, అసలు ఓడను 700 అడుగుల దూరమునుండి చూచుటతో సమానము. కావున నోడకుఁ బూసిన రంగునే నమూనాకుఁ బూసినచో నది మిక్కిలి ముదురుగాఁ దోఁచును. కొంచెము తెలుపు గలిపి పలుచన చేయవలెను. నమూనా యెంత చిన్నదో తెలుపు అంత యెక్కువ.

ఐదవది కాలము. బారువ, భావనపాడు తీరములందు ఎండకును ఉప్పుగాలికిని పడవల రంగు వెలియుట మీరెఱుఁగుదురు. యుద్ధనౌకకును అంతే. చిరకాలము సముద్రమున నున్న యోడ నమూనా పెండ్లిపల్లకివలె మెఱయుట తగదు. నీట మునుఁగు భాగము పలు నౌకలలో నెఱుపు. నాచును, గుల్లలును అంటకుండఁ బూయు మందులోఁ జేరు రాగి సమ్మేళనమునకు నెఱుపు సహజము.

విశాఖపట్టణపు బీచిలో 2002 మొదలు ప్రదర్శనశాలగా నున్న కుర్సురా జలాంతర్గామిని జూచుట యెంతయో ప్రయోజనకరము. ఆకారము, కొలతలు, అమరిక కన్నులార నేర్వవచ్చును. కాని ఒడ్డున నిలిచిన యోడకు మరల మరల రంగు వేయక తప్పదు గనుక, నేఁటి పూఁత 1971 నాటి యుద్ధమందలి పూఁతకు సాక్ష్యము గాదు.

విద్యార్థులారా, నమూనా ముగించిన పిదప పీఠముపై ఓడ పేరుతోఁ బాటు తేదీని వ్రాయుఁడు. రంగున కాధారము దొరికినచో నదియు వ్రాయుఁడు. దొరకనిచో "ఊహ" యని నిర్భయముగా వ్రాయుఁడు. చూపరు లూహను ఊహగా నెఱుంగుటలోఁ గొఱఁత లేదు. ఊహను నిజమని నమ్మించుటయే దోషము.