భద్రాద్రి దేవాలయము - రాష్ట్ర సరిహద్దు

మలికిపురమును భద్రాచలమును 1959వ సంవత్సరము వరకు తూర్పుగోదావరి యను నొకే జిల్లాలో నుండెడివన్న సంగతి నేటి విద్యార్థులకు వింతగా దోచును. ఆ క్షేత్రము చేతులు మారుట అదియే మొదలు కాదు. గోలకొండ నేలిన తానీషా కాలమున, పాల్వంచ తహసీలుదారు కంచెర్ల గోపన్న అచట ఆలయము గట్టించెను. 1860లో నిజాము గోదావరి యెడమగట్టు సీమలను ఆంగ్లేయులకు వదలుకొనెను. భద్రాచలము పిదప మధ్యపరగణాలలో జేరి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చి, 1959లో ఖమ్మము జిల్లాకు పోయినది. ఇన్ని మార్పులలోను గుడియు దానిని చుట్టియున్న పల్లెలును కలిసియే సాగినవి.

2014లో అవి విడిపోయినవి. పోలవరము ముంపు మండలములను ఆంధ్రప్రదేశమునకు జేర్చిన శాసనము, భద్రాచల మండలమున భద్రాచల రెవెన్యూ గ్రామమును మాత్రమే తెలంగాణకు మిగిల్చినది. ఆలయ మొక రాష్ట్రమున నిలిచినది. దేవస్థానమునకు చెందిన సుమారు 890 ఎకరముల భూమి గల పురుషోత్తపట్టణము వేరొక రాష్ట్రమున బడినది. ముంపును గ్రామములవారీగ లెక్కించుట సహజమే. శాసనకర్తలను మేము నిందింపము. కాని దేవాలయము గ్రామపు పొలిమేరలో నిమిడెడి వస్తువు కాదు. మూలవిరాట్టు, మాన్యము, అర్చకవృత్తి, ఉత్సవము కలిసిననే అది సంస్థ యగును. గుడికి దానమిచ్చిన మన పూర్వులు భూమి యెల్లలను, దాని యాదాయముతో నడువవలసిన కైంకర్యములను ఒకే శిలపై చెక్కించుట ఇందులకే.

నేడు భూస్వామియగు దేవస్థానము తెలంగాణ దేవాదాయశాఖకు లోబడినది. ఆ భూమిపై రెవెన్యూ, రక్షకభట అధికారములు ఆంధ్రప్రదేశమువి. ఆక్రమణదారున కింతకంటె అనువైన చోటు దొరకదు. 2025 జూలైలో ఆక్రమణల నడ్డుకొనబోయిన దేవస్థానాధికారిపై దాడియు జరిగినది. పురుషోత్తపట్టణముతో గూడ ఐదు పంచాయతీలను తిరిగి యిమ్మని తెలంగాణ పలుమారు కోరియున్నది.

కాంబోడియా, థాయిలాండు దేశముల నడుమనున్న ప్రియ విహార దేవాలయము గతియు నిట్టిదే. అంతర్జాతీయ న్యాయస్థానము 1962లో గుడి కాంబోడియాదని తీర్పు చెప్పినను, చుట్టునున్న నేలకై వివాదము నిలిచి, 2013లో మరల తీర్పు చెప్పవలసివచ్చెను. అచట తుపాకులు పేలినవి. ఇచట దస్త్రములు కదలవు, అంతియే భేదము.

2015 మొదలు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము శ్రీరామకల్యాణమును కడప జిల్లా ఒంటిమిట్టలో అధికారికముగ జరుపుచున్నది. ఐనను తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ రామభక్తులు పైరు పెంచి, ఆ వడ్లను గోటితో నొలిచిన తలంబ్రాలను భద్రాద్రి కల్యాణమునకును మోసికొని పోవుచున్నారు.