వాన లెక్క

అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగు రాజుల దండయాత్ర - ఈ ఆరింటిని మన పూర్వులు ఈతిబాధలన్నారు. వీటిలో అయిదు వచ్చిన నాడే కంటికి కనిపిస్తాయి. అనావృష్టి ఒక్కటే నిశ్శబ్దంగా వస్తుంది. అది ఫలానా రోజున మొదలయిందని ఎవరూ వేలెత్తి చూపలేరు. చెరువు అడుగంటి, పశువులు సంతకు తరలిపోయినప్పుడు కరవు వచ్చిందని లోకం గుర్తిస్తుంది. అప్పటికి చేయదగినది స్వల్పమే మిగులుతుంది. అందువల్ల కరవును కంటితో గాక లెక్కతో ముందుగా కనిపెట్టవలసి ఉంటుంది.

ఈ ఎరుక మనకు కొత్తది కాదు. ధాన్యాగారం వద్ద మూరెడు వెడల్పు నోరు గల కుండను వర్షమానంగా నిలపాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. గోదావరీ తీరపు అశ్మకానికీ, అవంతికీ వేర్వేరు వర్ష పరిమాణాలను పేర్కొన్నది. వచ్చే నీటిని అనుసరించి పైరును ఎంచుకోవాలని కూడా చెప్పింది. అంటే వానను కొలవడం వినోదానికి కాదు, విత్తే ముందు నిర్ణయం తీసుకోవడానికే.

నేటి వర్షమాపకం ఆ కుండకు వారసురాలు. అందులో చేరిన నీటిని మిల్లీమీటర్లలో లెక్కిస్తారు. ఎకరం నేలపై ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే నాలుగు వేల లీటర్లకు పైగా నీరు చేరినట్లు. రోజుకు 2.5 మి.మీ. లేదా అంతకు మించి కురిస్తేనే దానిని వర్షపు దినంగా పరిగణిస్తారు. ప్రతి ఉదయం 8.30 గంటలకు ఈ కొలతలు తీస్తారు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. ఆ మరుసటి ఏడే దక్షిణాదిలో ఘోరక్షామం మొదలయింది. ధాత నామ సంవత్సరంలో రావడంచేత రాయలసీమ ప్రజలు దానిని ధాత కరవు అన్నారు. తరువాత 1886లో హిమాలయాల మంచు పరిమాణాన్ని బట్టి బ్లాన్‌ఫర్డ్ అనే అధికారి నైరుతి వానల అంచనాను ప్రకటించడం ప్రారంభించాడు.

లెక్క ఎంత అవసరమో ఉమ్మడి అనంతపురం జిల్లాను చూస్తే బోధపడుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద తమ నీటిని చాలావరకు కురిపించి, ఇటు వచ్చేసరికి తేలికపడతాయి. ఈశాన్య రుతుపవనాల బలం తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి సన్నగిల్లుతుంది. రెంటి నడుమ చిక్కిన ఈ సీమకు ఏడాదికి సగటున వచ్చేది సుమారు 550 మి.మీ. వర్షమే. ఇక్కడి ఎర్రనేలలు తేమను ఎక్కువ రోజులు నిలుపుకోలేవు. కాబట్టి వాన ఎంత కురిసిందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు కురిసిందన్నదీ అంతే ముఖ్యం. వేరుశనగకు ఊడలు దిగే వేళ మూడు వారాలు చినుకు పడకపోతే, ఏడాది మొత్తం మీద లెక్క సరిపోయినా కాయ నిండదు.

ఈ లెక్కలు చూడవలసిన అదను వేసవి తొలినాళ్లు. అశ్విని, భరణి కార్తెల్లో కురిసే జల్లులు దుక్కికి పదును ఇస్తాయి. వానకాలానికి ముందు కేంద్ర భూగర్భ జల మండలి బావులలో నీటిమట్టాన్ని కొలుస్తుంది. జలాశయాలలో నిల్వ ఎంతో తేలుతుంది. ఏప్రిల్‌లో వాతావరణ శాఖ నైరుతి వానల తొలి అంచనాను ప్రకటించి, మే చివర సవరిస్తుంది. పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలుకన్న వేడెక్కే ఎల్ నినో స్థితిని కూడా అందులో గమనిస్తారు.

అయితే అంచనా అభయహస్తం కాదు. 2002లో వానలు సాధారణంగా ఉంటాయన్న అంచనా వెలువడింది. జూలైలో దాదాపు సగం వాన ఎగవేసింది. ఆ నైరుతి కాలం మొత్తం మీద దేశంలో సగటుకన్న 19 శాతం తక్కువ నమోదయింది. పైగా ఏప్రిల్ అంచనా దేశమంతటికీ చెందిన సగటు. ఒక ఊరి పొలానికి చెప్పిన మాట కాదు. ఒక జిల్లాలో వాన సగటుకన్న 20 శాతం లేదా అంతకు మించి తగ్గితే లోటుగానూ, 60 శాతం లేదా అంతకు మించి తగ్గితే తీవ్రమైన లోటుగానూ పరిగణిస్తారు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ కరవు నిర్వహణ కరదీపిక వాన లోటుతోనే ఆగక, సాగయిన విస్తీర్ణం, నేల తేమ, ఉపగ్రహాలు చూపే పైరు పచ్చదనం, జలాశయాల నిల్వ కూడా పరిశీలించాలన్నది.

ఇంత లెక్కా రైతు గడపను చేరినప్పుడే సార్థకం. మృగశిర నాటికి అప్పు చేసి తెచ్చిన విత్తనం ఒక్కసారే నేలలో పడుతుంది. అది ఎండిపోతే మళ్లీ కొనే శక్తి అందరికీ ఉండదు. బావిలో నీరెంతో, నేలలో పదునెంతో ముందే తెలిస్తే, ఉన్న పొలమంతా వేరుశనగే వేయక కొంత కొర్రకో జొన్నకో కేటాయించవచ్చు, వాన ఆలస్యమైతే ఉలవకు మళ్లవచ్చు, పశుగ్రాసం దాచుకోవచ్చు.

వానను రప్పించడం మన చేతిలో లేదు. కురిసిన వానను లెక్కించడం, ఆ లెక్కను వేళకు తెలియజెప్పడం మన చేతిలోనివే. అనావృష్టి ప్రకృతి తెచ్చేది. అది ఆకలిగా మారడంలో మనుషుల అలక్ష్యానికీ పాలు ఉంటుంది. విద్యార్థులు తమ మండలపు సగటు వర్షపాతం ఎంతో, నిరుడు కురిసింది ఎంతో తెలుసుకొని ఇంట్లో పెద్దలకు చెప్పగలిగితే, విత్తే ముందు వారికి అదొక ఆధారమవుతుంది.