సీటు ఖాళీగానే ఉంది, బండి నిండిపోయింది
విదేశాల్లో కుటుంబ ప్రయాణానికి అద్దె కారు ఎంచుకోవడంలో భౌతికశాస్త్రం

మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్... ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఈ ఊళ్లలోని ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివి అమెరికా వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. వేసవి వచ్చిందంటే వాళ్ల అమ్మానాన్నలు అక్కడికి ప్రయాణమవుతారు. వెళ్లాక గ్రాండ్ కాన్యన్‌కో, రాకీ పర్వతాలకో అందరూ కలిసి కారులో బయలుదేరాలనుకుంటారు. కొడుకు కారు ఐదు సీట్లది. కాబట్టి పెద్ద బండి అద్దెకు తీసుకోవాలి.

మన దగ్గర యాదగిరిగుట్టకో తిరుపతికో ఇన్నోవా మాట్లాడుకునేటప్పుడు ఎంతమందిమి అన్నదొక్కటే చూస్తాం. సామాను పైన క్యారియర్ మీదికి పోతుంది, చంటిపిల్ల ఒళ్లోకి వస్తుంది. ఈ పద్ధతిని అక్కడి చట్టం ఒప్పుకోదు. భౌతికశాస్త్రం ఏ దేశంలోనూ ఒప్పుకోదు.

డ్రైవర్ తలుపు దగ్గరి అంకె

అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ డ్రైవర్ తలుపు తెరిస్తే కనబడేలా ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. ఒక ఏడు సీట్ల బండికి ఆ అంకె 1,200 పౌండ్లు, అంటే సుమారు 544 కిలోలు అనుకుందాం.

ఇప్పుడు ఆరుగురి కుటుంబాన్ని ఎక్కిద్దాం. నలుగురు పెద్దవాళ్లు, మనిషికి 70 కిలోల చొప్పున 280. ఇద్దరు పిల్లలు 50. వాళ్ల కోసం విడిగా బిగించే పిల్లల సీట్లు 15. విమానంలో వచ్చిన 23 కిలోల సూట్‌కేసులు ఆరు, అవి 138. నీళ్ల సీసాలు, తినుబండారాలు, చేతిసంచులు 40. మొత్తం 523 కిలోలు. ఇంకా ఒక సీటు ఖాళీగానే ఉంది. కానీ 70 కిలోల మనిషి అందులో కూర్చుంటే బరువు 593కు చేరి హద్దు దాటుతుంది. సీట్ల సంఖ్య ఎంతమంది కూర్చోగలరో చెబుతుంది, బండి ఎంత మోయగలదో చెప్పదు.

ఆ హద్దు టైర్లు, స్ప్రింగులు, బ్రేకుల శక్తిని బట్టి పెట్టింది. గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగి లేస్తుంది, ఆ వంపుల వల్లే వేడెక్కుతుంది. దానికి అధిక బరువు, ఎండ, వేగం తోడైతే టైరు పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. 2000లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల ప్రమాదాల తర్వాత ఫైర్‌స్టోన్ కంపెనీ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. ఆ ఏడాదే వచ్చిన ట్రెడ్ చట్టం వల్లనే, టైరులో గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగే ఏర్పాటు అక్కడి కార్లన్నిటికీ తప్పనిసరైంది. ఆ దీపం వెలుగుతున్న కారును ఇస్తే తీసుకోవద్దు.

ఎత్తుగా ఉన్న బండి, చిన్న డిక్కీ

విమానంలో అనుమతించే పెద్ద సూట్‌కేసు పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు. 76, 50, 32 సెంటీమీటర్ల పెట్టె అయితే దాని పరిమాణం దాదాపు 120 లీటర్లు. ఆరు పెట్టెలకు 720 లీటర్ల చోటు కావాలి.

చూడటానికి ఎంతో పెద్దగా కనిపించే టొయోటా హైలాండర్‌లో మూడో వరుస సీట్లు వాడుకుంటే వాటి వెనక మిగిలే చోటు 450 లీటర్లు. నేలకు దగ్గరగా ఉండే క్రైస్లర్ పసిఫికా మినీవ్యాన్‌లో అదే చోటు 900 లీటర్ల పైమాటే. మినీవ్యాన్ నేల కిందికి ఉంటుంది, వెనక లోతైన గుంట ఉంటుంది. ఎస్‌యూవీలో నేల ఎత్తుగా ఉండటం వల్ల లోపలి చోటు తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు, తాతయ్యకు ఎక్కి దిగడానికి కూడా మినీవ్యానే సులువు.

డిక్కీలో పట్టని సామాను పైన కడదామా? చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే విలువ బండి నిలకడకు కొలత. మామూలు కార్లకు అది సుమారు 1.3 నుంచి 1.5 దాకా, ఎస్‌యూవీలకు 1.0 నుంచి 1.3 దాకా ఉంటుంది. పైన కట్టిన ప్రతి కిలో గరిమనాభిని పైకి లాగి ఆ విలువను తగ్గిస్తుంది. చటుక్కున స్టీరింగు తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. రెండు కుటుంబాలు కలిసి 15 సీట్ల వ్యాన్ తీసుకోవాలనుకుంటే ఇంకో మాట గుర్తుంచుకోవాలి. పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది ఎక్కితే ఆ వ్యాన్లు బోల్తాపడే ముప్పు సుమారు మూడు రెట్లవుతుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001లో హెచ్చరించింది. రెండు మినీవ్యాన్లు తీసుకోవడమే మేలు.

ఒళ్లో బిడ్డ బరువెంత?

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో పది కిలోల బిడ్డను పట్టి ఆపాలంటే 140 కిలోల బరువును మోయగలిగినంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. అందుకే అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ పిల్లల సీటు తప్పనిసరి. పిల్లవాడి వయసు, ఎత్తు, బరువు చెప్పి కారుతోపాటే సీటు కూడా బుక్ చేసుకోండి.

కొండ ఎక్కడం, దిగడం

హైదరాబాద్ పీఠభూమి ఎత్తు ఐదారు వందల మీటర్లు. రాకీ పర్వతాల్లోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 3,713 మీటర్ల దాకా ఎక్కుతుంది. అక్కడి గాలి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం పలుచన. టర్బో లేని ఇంజిను శక్తి కూడా ఇంచుమించు అంతే పడిపోతుంది. నిండా ఎక్కిన బండికి అలాంటి దారిలో చిన్న ఇంజిను చాలదు.

దిగడం అంతకంటే కష్టం. 2,500 కిలోల బండి వెయ్యి మీటర్లు కిందికి దిగితే దాని స్థితిశక్తిలో సుమారు 2.45 కోట్ల జౌళ్లు తగ్గుతాయి. 75 లీటర్ల నీటిని మరిగే స్థాయికి తేగల శక్తి అది. అందులో చాలా భాగాన్ని బ్రేకుల మీదే వేస్తే అవి కాగిపోయి పట్టు కోల్పోతాయి. తక్కువ గేరులో దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. హైబ్రిడ్ కారైతే ఆ శక్తిలో కొంత బ్యాటరీలోకి చేరుతుంది.

నడిపే మనిషి

ఆపడానికి పట్టే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పొడి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల దగ్గర బ్రేకు వేశాక కారు సుమారు 20 మీటర్లలో ఆగితే, 120 దగ్గర 80 మీటర్లు కావాలి. ఇక్కడి నుంచి వెళ్లి నడిపేవారికి స్టీరింగు ఎడమవైపు, దారి కుడివైపు. మెదడు ఆ కొత్తకు అలవాటుపడుతుండగా గేర్ల పని కూడా పెట్టకూడదు. యూరప్‌లో చవగ్గా దొరికేవి ఎక్కువగా గేర్ల కార్లే. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఆటోమేటిక్ అడగండి. షికాగోకూ మనకూ వేసవిలో పదిన్నర గంటల తేడా. శరీరంలోని గడియారం రోజుకు దాదాపు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది కాబట్టి దిగిన రోజే స్టీరింగు పట్టుకోవద్దు. మన రవాణా కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ గడువు ఏడాదికి మించదు. ప్రయాణం ఖాయమయ్యాక తీసుకుంటే సరిపోతుంది.

బుక్ చేసేముందు ఒక కాగితం మీద మనుషుల బరువు, పెట్టెల కొలతలు, దారిలోని కొండల ఎత్తు రాసుకోండి. ఏ రకం బండి కావాలో ఆ మూడింటితోనే తేలిపోతుంది. తాళాలు తీసుకునే రోజున తలుపు తెరిచి స్టిక్కరు మీది అంకెతో మీ లెక్క సరిచూసుకోండి. లెక్క దాటితే ఒక పెట్టె ఇంటి దగ్గర వదిలేయండి, లేదంటే ఇంకో కారు తీసుకోండి. ఇంట్లో ఏ ఒక్కరినీ, ముఖ్యంగా పసిపిల్లను, ఎలాగో సర్దుకోమనొద్దు.