నేల కింది ఒప్పందం

బొలీవియాకు సముద్రం లేదు. ఉన్న కాస్త తీరమూ 19వ శతాబ్దంలో చిలీతో జరిగిన యుద్ధంలో పోయింది. భూగర్భంలో సహజవాయువు దండిగా ఉన్నా దాన్ని ఓడకెక్కించే దారి లేదు. పక్కనున్న బ్రెజిల్‌లో సావో పాలో ఫ్యాక్టరీలకేమో ఇంధనం కావాలి. ఈ రెండు అవసరాలకు పుట్టిందే గాస్‌బోల్ పైపులైను. దశాబ్దాల చర్చల తర్వాత 1993లో ఒప్పందం కుదిరింది. 1997లో పనులు మొదలై, 1999లో గ్యాస్ సావో పాలో చేరింది.

మొత్తం పొడవు సుమారు 3,150 కిలోమీటర్లు. అందులో బొలీవియాలో ఉన్నది 557 మాత్రమే. రోజుకు మూడు కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ మోయగలదు. గొట్టం గోడల రాపిడికి పీడనం తగ్గుతూ వస్తుంది కాబట్టి దారి పొడవునా కంప్రెసర్ స్టేషన్లు పెట్టారు. వాటి టర్బైన్లు నడిచేదీ ఆ గ్యాస్‌తోనే.

అసలు శత్రువు తుప్పు. నేలలో పాతిన ఉక్కుకు పైపూత వేస్తారు, సన్నటి విద్యుత్ ప్రవాహమూ ఇస్తారు. అయినా లోపల ఏం జరుగుతోందో తెలియాలిగా? అందుకే ‘పిగ్’ అనే యంత్రాన్ని గొట్టంలోకి వదులుతారు. దాని చుట్టూ ఉన్న పాలీయురేథేన్ కప్పులు గోడకు బిగుతుగా ఆనుకుంటాయి. వెనక నుంచి గ్యాసే దాన్ని నెడుతుంది. అందులోని బలమైన అయస్కాంతాలు ఉక్కు గోడను అయస్కాంతీకరిస్తాయి. గోడ పలచబడ్డ చోట అయస్కాంత క్షేత్రం బయటికి చిమ్ముతుంది. సెన్సర్లు ఆ చోటును నమోదు చేస్తాయి. సరఫరా ఆపకుండా, మట్టి తవ్వకుండా గొట్టం ఆరోగ్యం తెలుసుకునే ఈ ఉపాయం నాకెప్పుడూ అబ్బురమే.

గొట్టాన్ని కాపాడినంత తేలిక కాదు ఒప్పందాన్ని కాపాడటం. ఓడ రేవు మార్చుకోగలదు, పైపులైనుకు ఆ వీలు లేదు. అందుకే గ్యాస్ తీసుకోకపోయినా కనీస పరిమాణానికి డబ్బు కట్టాలన్న షరతుకు బ్రెజిల్ ఒప్పుకుంది. 2006 మే 1న బొలీవియా అధ్యక్షుడు ఎవో మొరాలెస్ గ్యాస్ క్షేత్రాలకు సైన్యాన్ని పంపి వాటిని జాతీయం చేశారు. బ్రెజిల్ సంస్థ పెట్రోబ్రాస్ పెట్టుబడులూ అక్కడే ఉన్నాయి. మాటలు వేడెక్కాయి, సరఫరా మాత్రం ఆగలేదు. అమ్మేవాడికీ కొనేవాడికీ తెగదెంపులు గిట్టవు మరి!

చివరికి గొట్టం కంటే ముందు బావులే నీరసించాయి. దశాబ్దం నుంచీ బొలీవియా ఉత్పత్తి పడిపోతూ ఉంది. ఖాళీ అవుతున్న ఆ గొట్టంలో 2025 ఏప్రిల్‌లో అర్జెంటీనా గ్యాస్ బొలీవియా మీదుగా బ్రెజిల్ చేరింది. అమ్మే దేశమే దారి ఇచ్చి, రవాణా చార్జీ వసూలు చేసుకుంది.