ఇంట్లో అన్నం ఉండీ తినని పిల్ల: పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

కరువు మన సీమకు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువు గురించి తాతల నోట విన్న ఇళ్ళు కర్నూలు, కడప జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. 1952లో ఊళ్ళలో గంజి కేంద్రాలు తెరిచిన సంగతి చాలా కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే ఇంట్లో సంగటి, పప్పు, పాలు అన్నీ ఉండి కూడా ఒక ఆడపిల్ల తినక ఎముకల గూడైపోతోందంటే మనవాళ్ళకు నమ్మబుద్ధి కాదు. "కొవ్వెక్కి తినడంలేదు" అని కొందరు, "గాలి సోకింది" అని కొందరు అంటారు. కొవ్వన్నదే లేని ఒంటిని చూసి ఆ మాట అనడం మాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఈ జబ్బు పేరు అనొరెక్సియా నెర్వోసా. ఎక్కువగా 12 నుండి 20 ఏళ్ళ లోపు ఆడపిల్లలకు వస్తుంది, మగపిల్లలకూ రావచ్చు. మానసిక వ్యాధుల్లో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవాటిలో ఇదొకటి. ఆకలి చచ్చిపోవడం దీని ముఖ్య లక్షణం కాదు. ఆకలి ఉన్నా పిల్ల తినలేదు, తింటే ఏదో అయిపోతుందని భయపడుతుంది.

మన ప్రాంతంలో చిక్కిపోయిన మనిషిని చూడగానే ముందు క్షయ గుర్తుకొస్తుంది. అది తప్పు కాదు. నిజానికి ఈ జబ్బును వైద్య గ్రంథంలో మొదట వర్ణించిన ఇంగ్లండు డాక్టరు రిచర్డ్ మోర్టన్ 1689లో రాసిన పుస్తకం కూడా క్షయ గురించే. దగ్గు, జ్వరం లేకుండా మనోవేదనతో కృశించిపోయిన ఒక అమ్మాయిని, ఒక అబ్బాయిని ఆయన అందులో వేరుగా చూపించాడు. కాబట్టి కఫం పరీక్ష, ఎక్స్‌రే, షుగరు, థైరాయిడ్ పరీక్షలు తప్పక చేయించాలి. అవన్నీ మామూలుగా వచ్చినప్పుడు "ఏమీ లేదు, టానిక్ తాగించండి" అని పంపేస్తేనే ప్రమాదం.

జబ్బు పట్టుకోవడంలో ఇంకో చిక్కుంది. పుస్తకాల్లో "లావైపోతానన్న భయం" అని రాసి ఉంటుంది. మన పిల్లలు చాలాసార్లు ఆ మాటే అనరు. కడుపు ఉబ్బరం, గ్యాస్, గొంతులో అడ్డం పడుతోంది, వాంతి వస్తోంది అంటారు. 1993లో హాంగ్‌కాంగ్‌లో 70 మంది రోగులను పరిశీలిస్తే 41 మందిలో లావు భయం కనబడలేదు. 1995లో ఢిల్లీ డాక్టర్లు వివరించిన ఐదుగురు యువతుల్లో కూడా తిండి మానడం, వాంతులు, నెలసరి ఆగిపోవడం ఉన్నాయి గాని, తమ ఒళ్ళు లావుగా ఉందన్న తప్పుడు ఊహ కనబడలేదు. మన పొరుగున ఉన్న వేలూరు సి.ఎం.సి. వారు 2007లో ప్రచురించిన పరిశీలనలో తిండికి సంబంధించిన మానసిక జబ్బులున్న 41 మంది పిల్లల్లో ఎక్కువమందికి ఉన్నది మానసిక కారణాలతో వచ్చే వాంతులే. అనొరెక్సియా ఉన్నవారు కొద్దిమందే. అందుచేత గ్యాస్ మాత్రలు మింగుతూ నెలనెలా బరువు తగ్గే పిల్లను మనం జాగ్రత్తగా చూడాలి.

ముందు అన్నమా, ముందు కౌన్సెలింగా?

ఈ ప్రశ్నకు జవాబు ఒక విచిత్రమైన పరిశోధన నుండి వచ్చింది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు అర్ధాకలి భోజనం పెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పక, దానికి బదులుగా సేవ చేయడానికి వచ్చిన స్వచ్ఛంద సేవకులు వారు. మెన్నోనైట్, బ్రెదరెన్, క్వేకర్ సంఘాల పిల్లలు వారిలో ఉన్నారు. బరువులో సుమారు నాలుగో వంతు పోయేసరికి వారికి తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదవడం, గంటల తరబడి ప్లేటు ముందు కూర్చోవడం, చిరాకు, నిరాశ, ఎవరితోనూ కలవకపోవడం మొదలయ్యాయి. ఇవన్నీ మేము వార్డులో చూసే లక్షణాలే. అంటే సగం వింత ప్రవర్తన ఆకలిగొన్న మెదడుదే. అందుకే ముందు ఒంట్లోకి అన్నం వెళ్ళాలి. ఎండిపోయిన మెదడుకు ఎంత మంచి మాట చెప్పినా ఎక్కదు.

మరి ఆ అన్నం ఎవరు పెట్టాలి? ఈ జబ్బుకు పేరు పెట్టిన లండన్ డాక్టరు విలియం గల్ 1870లలో నిక్కచ్చిగా చెప్పాడు: వేళకు తినిపించాలి, అయితే అందుకు బంధువులు, స్నేహితులు పనికిరారు. ఆ మాట నూరేళ్ళు నిలిచింది. చాలాచోట్ల పిల్లను తల్లిదండ్రులకు దూరంగా ఉంచి, బరువు పెరిగితేనే వారిని చూడనిచ్చేవారు.

దాన్ని మార్చింది క్లినికల్ ట్రయల్స్. 1987లో లండన్ మోడ్స్‌లీ ఆసుపత్రిలో జెరాల్డ్ రసెల్, ఆయన సహచరులు తిండి జబ్బులున్న 80 మందికి ముందు ఆసుపత్రిలో బరువు పెంచారు. తర్వాత చీటీ పద్ధతిలో కొందరికి కుటుంబంతో కలిపి, కొందరికి ఒంటరిగా ఒక సంవత్సరం చికిత్స ఇచ్చారు. చిన్న వయసులో జబ్బు మొదలై మూడేళ్ళు దాటని అనొరెక్సియా పిల్లల్లో కుటుంబ చికిత్సే మేలనిపించింది. 2010లో అమెరికాలో 121 మంది పిల్లలతో జరిగిన పరిశోధనలో, చికిత్స ముగిసిన ఏడాది తర్వాత చూస్తే, కుటుంబ చికిత్స పొందినవారిలో 49 శాతం, ఒంటరిగా పొందినవారిలో 23 శాతం పూర్తిగా కోలుకొని ఉన్నారు. ఇదేమీ అద్భుతం కాదు. సగం మందికి ఇంకా కష్టం మిగిలే ఉంది. కానీ రెండింతల తేడాను తీసిపారేయలేము.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 82 మందిపై చేసి 2015లో ప్రచురించిన పరిశోధన మనవంటి ఆసుపత్రులకు మరీ ముఖ్యం. ప్రాణాపాయం తప్పేవరకే ఉంచి ఇంటికి పంపినవారికి, బరువంతా పెరిగేవరకు ఉంచినవారికి, ఇద్దరికీ తర్వాత కుటుంబ చికిత్స ఇచ్చారు. తర్వాతి ఏడాదిలో మళ్ళీ ఆసుపత్రిలో గడిపిన రోజుల్లో తేడా కనబడలేదు. మంచం ఖర్చు భరించలేని ఇంటికి ఇది శుభవార్తే.

మందుల విషయం క్లుప్తంగా. 2006లో 93 మందిపై ఫ్లూఆక్సెటిన్ పరీక్షించి చూశారు, ఉత్త మాత్రకూ దానికీ తేడా రాలేదు. 2019లో 152 మందిపై ఒలాంజపిన్ పరీక్షిస్తే బరువు కొద్దిగా పెరిగింది, ఆలోచనలు మారలేదు. "బలానికి" రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించమని అడిగేవారికి మేము వద్దనే చెబుతాము. అది ఎందుకో ముందు ముందు చదవండి.

మన వార్డుల్లో అమ్మ ఎప్పుడూ ఉంది

పాశ్చాత్య దేశాలవారు నూరేళ్ళకు తెలుసుకున్నది మన దగ్గర గది లేక, నర్సులు చాలక అలవాటుగా సాగింది. ఇక్కడ పిల్ల మంచం పక్కన చాప మీద అమ్మ ఉంటుంది. వేలూరులోని మానసిక ఆరోగ్య కేంద్రంలో కూడా రోగితో ఇంటివారు ఉండటం ఎప్పటినుండో వస్తున్న పద్ధతి. యాయీరు కుమార్తె సంగతిలో కూడా ప్రభువు తల్లిదండ్రులను లోపలికి తీసుకువెళ్ళాడు, పిల్ల లేచాక ముందు చెప్పిన పని ఆమెకు తినడానికి పెట్టమనే.

అయితే పక్కన కూర్చోవడం వేరు, తినిపించడం వేరు. "తినమంటే ఏడుస్తాది సిస్టరమ్మా, నేనేం జేసేది?" అని తల్లులు మమ్మల్ని అడుగుతారు. మేము నేర్పేది ఇదే. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో మూడుసార్లు చిరుతిండి. ఏం తినాలో, ఎంత తినాలో కొన్నాళ్ళు అమ్మానాన్నలే నిర్ణయించాలి, బేరం ఉండకూడదు. ప్రత్యేకమైన పొడులు కొననవసరం లేదు: సంగటిలో నెయ్యి, పప్పు, గుడ్డు, పెరుగు, బెల్లంతో చెనిక్కాయలు (కర్నూలువాళ్ళకు బుడ్డలు) చాలు. తిట్టకూడదు, పక్కింటి పిల్లతో పోల్చకూడదు. ప్లేటు ముగిసేదాకా పక్కనే ఉండి, తిన్నాక గంటసేపు కబుర్లతో కూర్చోబెట్టాలి. లేకపోతే బాత్రూములో వాంతి చేసుకోవచ్చు. నాన్న కూడా అదే మాట మీద ఉండాలి. అమ్మ తినమంటే, నాయనమ్మ "పోనీలే, వదిలేయ్" అంటే జబ్బుదే గెలుపు. బరువు ఉదయం మూత్రానికి వెళ్ళి వచ్చాక పలచని గౌనుతో మేమే తూస్తాము. ముందుగా చెంబెడు నీళ్ళు తాగి వచ్చే పిల్లలుంటారు, అది మోసం కాదు, భయం.

ఒక హెచ్చరిక. చాలా వారాలు తినని పిల్లకు తిండిగానీ గ్లూకోజుగానీ ఒక్కసారిగా ఎక్కువగా ఇస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె ఆగవచ్చు. అందుకే మొదటి రోజుల్లో రక్తపరీక్షలు చేస్తూ, థయమిన్ ఇస్తూ, ఆసుపత్రిలోనే తినిపించాలి. అలాగని భయపడి మరీ కొంచెం పెట్టడమూ మంచిది కాదు. 2021లో అమెరికాలో ప్రచురించిన పరిశోధనలో, రక్తపరీక్షలతో కనిపెడుతూ రోజుకు 1400 కాలరీలకు బదులు 2000తో మొదలుపెట్టినవారు మూడు రోజుల ముందుగా కుదుటపడ్డారు, అపాయం పెరగలేదు.

సంఘాలవారికి ఒక మనవి. ఉపవాస ప్రార్థన మంచిదే. కాని శ్రమదినాలు ముగిసి ఈస్టరు విందు నాడు కూడా పిల్ల తినలేకపోతే, వారానికొక రోజు ఉపవాసం మూడు రోజులైతే, అది భక్తి అని పొగడకండి. పొగడ్త ఆ జబ్బుకు ఎరువు. అటువంటి పిల్లను పాస్టరుగారు ఉపవాసం నుండి విడుదల చేయాలి. ఆ మాట ఆయన నోట వస్తే తల్లిదండ్రుల పని సగం తేలికవుతుంది. ఇంటర్ హాస్టలు వార్డెన్లు కూడా ఎవరి ప్లేటు రోజూ నిండుగానే తిరిగివస్తోందో చూడాలి.

నిలబడితే కళ్ళు తిరగడం, నాడి నిమిషానికి 50 లోపు కొట్టుకోవడం, చేతులు కాళ్ళు చల్లబడటం, పాదాల వాపు, నెలసరి మూడు నెలలుగా రాకపోవడం ఉంటే ఆలస్యం చేయకండి. కర్నూలు సర్వజన వైద్యశాలలోను, కడప రిమ్స్‌లోను మానసిక వైద్య విభాగాలున్నాయి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మన ఓ.పి.కి వస్తే అమ్మానాన్నలు ఇద్దరూ రండి. పాత చీటీలు, స్కూల్లో బరువు రాసిన కార్డు ఉంటే అది, ఏడాది కిందటి ఫోటో ఒకటి తీసుకురండి.